రామాలయం నుంచి మైలు

ఏప్రిల్ 16, బుధవారం

వేట నిషేధం మొదలై రెండో రోజు. బోట్లన్నీ ఇసకలో ఒరిగి పడున్నాయి, పెళ్ళివారు వెళ్ళిపోయాక మిగిలిన కుర్చీల్లా. చేపలు గుడ్లు పెట్టుకోవాలి గనక మనుషులు రెండు నెలలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలని గవర్నమెంటు రూలు. నేను సముద్రం మానేసి ఆరేళ్ళయింది. వలలు బాగుచేస్తాను. వేట లేకపోతే చిరిగే వలా లేదు. అందుకే ఈ రాత.

డైరీ ఎరువుల కొట్టువాడు ఎప్పుడో ఇచ్చింది. అచ్చులో ఉన్న తేదీలు కొట్టేసి నావి వేసుకుంటున్నాను. నేను బడికి వెళ్ళలేదు. ఎండుచేపలు చుట్టిన న్యూస్ పేపర్లు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. నాకు తెలిసిన విషయాల్లో సగానికి మొదలు లేదు, సగానికి చివర లేదు.

ఇవాళ ఇంట్లో గొడవ. మనవరాలు సాయిదుర్గ కానిస్టేబుల్ అవుతానంటోంది. కాకినాడలో ఐజాక్ సారని ఒకాయన కోచింగ్ సెంటరు నడుపుతున్నాడట. జూన్‌లో ట్రయల్ పెడతాడు. పదహారు వందల మీటర్లు, అంటే మైలు, పదిన్నర నిమిషాల్లో పరిగెత్తిన ఆడపిల్లలకి ట్రైనింగూ హాస్టలూ ఫ్రీ. పరిగెత్తలేనివాళ్ళకి ట్రైనింగే మొదలుపెట్టడట. ముందు ఒళ్ళు తయారుచేసుకుని రండి అంటాడట. వంట నేర్చుకుని హోటలుకి భోజనానికి రమ్మన్నట్టుంది.

కోడలు లోవలక్ష్మి ఇంతెత్తున లేచింది. మావాడు సురేష్‌బాబు పోయిన దగ్గర్నుంచీ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లు నడుపుతున్న మనిషి, ఆమె మాటకి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. రొయ్యల ఫ్యాక్టరీ బస్సు పేట చివరిదాకా వత్తంది, ఎక్కి కూకుంటే సరిపోద్ది, ఈ పరుగులేంటే అంది. పిల్ల రోజంతా అన్నం ముట్టకపోతే చివరికి దిగొచ్చింది. ట్రయల్ పోతే నోరెత్తకుండా బస్సెక్కాలి, అది ఒక షరతు. రెండోది, చీకటితో ఆడపిల్ల ఒక్కతీ రోడ్డున పడి పరిగెత్తడానికి వీల్లేదు, ఇంట్లో మగాడెవరో ఒకరు కూడా ఉండాలి.

ఇంట్లో మగాళ్ళెవరని చూస్తే నేనూ, కోడిపుంజూ ఉన్నాం.

ఏప్రిల్ 18

లుంగీ ఎగ్గట్టి బయల్దేరాను. పిల్ల కాసిని కరెంటు స్తంభాలు దాటి కూలబడింది. నేను రెండో స్తంభాన్ని వాటేసుకుని నిలబడ్డాను. కుక్కలు మాత్రం చివరిదాకా వెళ్ళాయి.

టీ కొట్టు అప్పారావు నాకు బావమరిది వరస. ఏంటి బావా, యముడు గానీ ఎనకాల పడ్డాడేంటి, అయినా ఆయన వచ్చేది దున్నపోతు మీదే గదా, నడిచినా తప్పించుకోవచ్చు అన్నాడు. వాడి టీ కూడా వాడి జోకుల్లాంటిదే. మరిగినదాన్నే మళ్ళీ మరిగిస్తాడు.

ఏప్రిల్ 19

మోకాళ్ళు. ఇంకేం రాయను.

ఏప్రిల్ 24

తాతా, మైలంటే ఎక్కడినుంచి ఎక్కడిదాకా అని పిల్ల అడిగింది. ఈ పేటలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

రామాలయం మెట్టు దగ్గర్నుంచి ఐస్ ఫ్యాక్టరీ గేటు దాకా సరిగ్గా మైలు. నా మీసం మొలిచే వయసులో గవర్నమెంటువాళ్ళు రోడ్డు వేయడానికి ఇనప గొలుసుతో కొలిచారు. ఆ గొలుసు ఒక కొస పట్టింది నేనే. ఓవర్సీరుకి పీతలంటే భయం. ఒకటి కాలి మీదుగా పోయేసరికి జీపెక్కి కూర్చుని, మిగతా కొలతంతా అక్కడినుంచే కేకలేసి చేయించాడు. అయినా కొలత కొలతే. పీతకి అందులో జోక్యం లేదు.

రామాలయం ఇప్పుడు లేదనుకోండి. అనుకోండి అని ఎవరితో అంటున్నానో. ముందు గుడిని సముద్రం పట్టుకుపోయింది. తరవాత గుడి వెనక రెండు వీధులు, అందులో మా పాత ఇల్లు. అయినా ఆటోవాడికి రామాలయం అని చెబితే రామాలయం దగ్గరే ఆపుతాడు. రోడ్డు తెగిపోయినచోట బండరాళ్ళు పోశారు, అదే ఇప్పుడు రామాలయం. శుభలేఖల్లో కూడా రామాలయం దగ్గర అనే వేస్తారు. పేట ఇవతలకి జరిగినప్పుడల్లా పేర్లు కూడా మూటాముల్లె సర్దుకుని దాని వెనకే వచ్చేస్తాయి.

రేపటినుంచి రామాలయం దగ్గర మొదలు, ఐస్ ఫ్యాక్టరీ దగ్గర ఆఖరు.

మే 2

నేను పరుగు మానేశాను. పిల్లని రాళ్ళ దగ్గర వదిలిపెట్టి, అప్పారావు టీవీఎస్ మీద వెనకాల వెళుతున్నాను. షరతులో వెంట ఉండాలన్నారు గానీ వెంట పరిగెత్తాలని లేదు. లాయరు కావలసినవాణ్ణి.

మే 6

ఇవాళ పిల్లకీ నాకూ చిన్న తగువు. ఫోనులో ఏదో యాప్ వేసుకుంది. అది మన మైలు మైలు కాదంటోందట, చాలా తక్కువ చూపిస్తోంది. ఏదీ చూపించమన్నాను. ఫోనులో మా పేట బొమ్మ వచ్చింది. చూస్తే అందులో మా పాత వీధి ఇంకా ఉంది! ఎప్పుడో నీళ్ళలో కలిసిపోయిన వీధిని నిక్షేపంగా గీసి పెట్టింది. సముద్రం ఎక్కడుందో తెలీని దానికి మైలెక్కడుందో ఏం తెలుత్తాదే అన్నాను. గొలుసు సంగతి, ఓవర్సీరు సంగతి మళ్ళీ చెప్పాను. పీత దగ్గరికొచ్చేసరికి నవ్వింది.

సర్లే తాతా, నీ గొలుసే ఖాయం అని యాప్ తీసి పారేసింది.

మే 17

లోవలక్ష్మి ఇవాళ తట్ట దించుకుని రోడ్డు పక్కన నిలబడి కూతురి పరుగు చూసింది. చేతులు అలా ఊపుతావేంటే, తట్ట పడిపోదా అంది. పిల్ల పడీ పడీ నవ్వింది.

కానీ ఆ మాటలో పసుంది. మా ఆడవాళ్ళు చేపలు మెత్తబడకుండా సంతకి అందించాలని నెత్తిన బరువుతో సగం నడక, సగం పరుగుగా పోతారు. నడుము కిందంతా కదులుతుంది, మెడ కదలదు. మా ఆవిడా అలాగే పరిగెత్తేది. పిల్ల నెత్తిన ఏమీ లేదు గానీ ఆ మెడ మాత్రం వాళ్ళదే. నా కొడుకు పోలిక ఎక్కడైనా ఉందేమోనని చూశాను. ఆయాసపడేటప్పుడు నోరు తెరవడంలో ఉంది. తరవాత చూడబుద్ధి కాలేదు.

మే 29

గేటు దగ్గర నేను గడియారం పట్టుకుని నిలబడ్డాను. పది నిమిషాలు కాకుండానే వచ్చేసింది! ఇంకా అరనిమిషం పైన మిగిలింది. అప్పారావు ఆ పూట కొత్త పొడి వేసి టీ పెట్టాడు. కానిస్టేబుల్‌గారూ, మావోడి బండి ఎప్పుడైనా పట్టుకుంటే వదిలెయ్యాలండోయ్ అన్నాడు.

రాత్రి కోడలు వంకాయా ఎండు రొయ్యలూ వండింది. మెచ్చుకోలేదు, ఆమెకి ఆ అలవాటు లేదు. రొయ్యలన్నీ ఏరి కూతురి కంచంలో వేసింది. ఫ్యాక్టరీ బస్సు మేస్త్రీని కొన్నాళ్ళు ఆగమన్నానని నాకు చెప్పింది. గోడకేసి చూస్తూ చెప్పింది.

జూన్ 8, ఆదివారం, సాయంత్రం

ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. అసలు జరిగిందే అది.

కాకినాడ గ్రౌండు. నాలుగు రౌండ్లు తిరగాలి. ఐజాక్ సారు విజిల్ వేయగానే తక్కిన పిల్లలు ముందుకి ఉరికారు. దుర్గ తొందరపడలేదు. తొందరపడొద్దని చెప్పింది నేనే. ఆళ్ళు ఆయాసపడి ఆగిపోతారు, నీ మైలు నువ్వు పరిగెత్తు అన్నాను. మూడు రౌండ్లు అలాగే మెడ కదపకుండా తిరిగింది. నాలుగో రౌండు మొదట్లోనే, రోజూ గేటు కనబడగానే చేసినట్టు, ఉన్న బలమంతా తీసి ఒక్క ఉరుకు ఉరికింది. ముందున్న నలుగురినీ దాటేసింది. నేను బెంచీ ఎక్కి కేకలేశాను.

తరవాత ఆమెలో ఏమీ మిగల్లేదు. ఎదురుగా ఇంకా చాలా గ్రౌండు ఉంది. రౌండ్ల లెక్క తలకి తెలుసు, కాళ్ళకి తెలీదు. ఆ కాళ్ళకి ఐస్ ఫ్యాక్టరీ గేటు ఎక్కడొస్తుందో తెలుసు, అక్కడికి అవి ఆగిపోయాయి. దాటిన నలుగురూ మళ్ళీ దాటిపోయారు. నడుస్తూ వచ్చి గీత తొక్కేసరికి టైం అయిపోయింది.

ఐజాక్ సారు మంచివాడే. అమ్మాయిలో పరుగుందండి, కానీ మైలు ఎంతుంటుందో ఒంటికి తెలియలేదు, ప్రాక్టీసు ఎక్కడ చేశారు, ఎవరు కొలిచారు అని అడిగాడు. నేను నోరు తెరిచాను. పిల్ల అడ్డమొచ్చింది. ఫోనులో కొలిచాను సార్, అదే తప్పు చూపించినట్టుంది అంది. మళ్ళీ ఏడాది రామ్మా అన్నాడాయన.

పేటలోకి రాగానే ఆటోవాడు, ఎక్కడ ఆపమంటారండి అన్నాడు. రామాలయం దగ్గర అన్నాను. ఆపాడు. దిగాను. ఎదురుగా రాళ్ళు, రాళ్ళవతల నీళ్ళు. ఆ నీళ్ళలో ఎక్కడో దూరంగా, ఒక తెప్ప ఊగుతున్నచోట, రాముడి గుడి మెట్టు ఉండాలి. అక్కడ కదూ నేను గొలుసు పట్టుకుని నిలబడింది.

గొలుసు రెండో కొస సముద్రంలో ఉంది. రోజూ ఆ రాళ్ళ మీద కూర్చుంటాను. రోజూ చూస్తాను.

జూన్ 9

పిల్ల లేవలేదు. నేను లేపలేదు.

జూన్ 11

చెప్పేశాను. గుడి సంగతి, రెండు వీధుల సంగతి, ఆ మేరకి మన మైలు తరిగిపోయిన సంగతి. తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండేది.

తెల్సు తాతా, నాలుగో రౌండులో తెలిసింది అంది. వల అందుకుని నా పక్కన కూర్చుని ముడులు వేసింది. కాసేపయ్యాక, ఆ ఓవర్సీరు జీపు దిగాడా లేదా అని అడిగింది. గుర్తులేదన్నాను. నిజంగానే గుర్తులేదు.

ఇంకొక్క ఏడాది ఆగుదామని కోడల్ని అడిగాను. మావయ్యా, మీరు చెప్పిందే గదా నమ్మాం అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

జూన్ 14

నిషేధం ఈ అర్ధరాత్రితో ఆఖరు. పేటంతా డీజిలు వాసన, ఐసు బళ్ళు, గంగమ్మకి కొబ్బరికాయలు. అప్పారావు కొట్టు కిటకిటలాడుతోంది. నన్ను చూసి ఒక్క జోకు కూడా వేయలేదు.

ఫ్యాక్టరీవాళ్ళు పిల్లకి తలకి టోపీ, చేతులకి తొడుగులు, మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు ఇచ్చారు. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో నిలబడి రొయ్యలు ఒలవాలి. బూట్లు తొడుక్కుని ఇంట్లో నాలుగడుగులు వేసి చూసుకుంది. వీటితో పరిగెత్తడం కుదరదు తాతా అంది. పరుగు షూస్ కడిగి ఎండబెట్టింది.

జూన్ 15, ఆదివారం, పొద్దున

బోట్లు వెళ్ళిపోయాయి. ఒడ్డు ఖాళీ. రేపు బస్సు.

చీకటితో పిల్లే నన్ను లేపింది. ఈసారి ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలుపెట్టి సముద్రం వైపు పరిగెత్తింది. నేను రాళ్ళ మీద కూర్చున్నాను. మెడ కదలకుండా వచ్చింది. నన్ను దాటింది. రాళ్ళు దిగింది. పాటు వేళ, నీళ్ళు వెనక్కి తీసి ఉన్నాయి. చీలమండలు, మోకాళ్ళు, నడుము. ఒసేయ్ చాలే, వచ్చెయ్యవే అని అరిచాను.

మైలు ఇంకా అవలేదు తాతా అంది.

లుంగీ ఎగ్గట్టి నేనూ దిగాను.