చెరువు గట్టున వడిసెల

అక్కా,

మూడు రోజుల ముసురు తర్వాత ఈ రోజు కాస్త తెరిపి ఇచ్చింది. పొద్దున్నుంచి మోకాటి లోతు నీళ్లలో దిగి గుర్రపుడెక్క మొక్కలు లాగి గట్టున వేశాను. కాగితం మీద బురద మరక కనబడితే అదే. నేను బాగానే ఉన్నాను. నువ్వు, పిల్లలు, మీ అత్తమ్మ కులాసాగా ఉన్నారనుకుంటాను. మాచవరం వైపు వానలు పడ్డాయా? మిరపకు నీళ్లు అందుతున్నాయా?

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే నువ్వు స్పీకరు పెడతావు, ఇంటిల్లిపాదీ వింటారు. ఇది నీ ఒక్కదానికే. కోపంగానే రాస్తున్నాను. నీ మీద కాదు, బావ మీద.

నేను ఈ నెల్లూరు పల్లెకు వచ్చి పక్షుల చెరువు కాపలాలో చేరిన సంగతి నీకు తెలుసు. పని ఇచ్చింది అటవీ ఆఫీసు వాళ్లే అయినా, ఊరు వద్దంటే ఒక్క పూట కూడా ఉంచరు. గట్టు పక్కన ఉండే పెంచలమ్మత్త మాట ఇస్తేనే నన్ను ఉంచారు. మజ్జిగ పోసేదీ ఆమే. ఇక్కడ నాకు ఇంకెవరూ లేరు. అందుకే పని కోసం బావను పంపుతానని నువ్వంటే సంతోషపడ్డాను. రాత్రిపూట మన మాట మాట్లాడే మనిషి ఒకడుంటాడని.

ఈ చెరువులో చెట్లు నీళ్లలోనే ఉంటాయి. వానలు మొదలయ్యాక గూడబాతులు వచ్చి వాటి మీద గూళ్లు కడతాయి. వచ్చిన కొత్తలో వాటికి నమ్మకం కుదరదు. పుల్ల తెచ్చి పెడతాయి, చుట్టూ చూస్తాయి. గుడ్లు పెట్టాక అంత తేలిగ్గా కదలవు కానీ, ఈ రోజుల్లో గట్టి చప్పుడైతే మంద మొత్తం లేచి ఇంకో చెరువు వెతుక్కుంటుంది. అందుకే ఈ ఊళ్లో దీపావళికి టపాకాయలు కాల్చరు. పెళ్లి ఊరేగింపు కూడా గట్టు దగ్గరికి వచ్చేసరికి మేళం ఆపి నడిచిపోతుంది. ఇదంతా బావకు వచ్చిన రోజే చెప్పాను. వింటూ తలూపాడు.

ఈ కాలంలో పట్నం నుంచి కెమెరాల వాళ్లు వస్తారు. చాలామంది చీకటితో వచ్చి, తడికె చాటున కదలకుండా కూర్చొని, ఫొటోలు తీసుకొని పోతారు. వాళ్లతో నాకు గొడవ లేదు. ఆదివారం వచ్చినవాళ్లు వేరే రకం. ఎంతసేపు కూర్చున్నా పక్షులు ఎగరడం లేదని విసుక్కున్నారు. నేను అవతల తూము దగ్గర చెత్త తీస్తున్నాను. అప్పుడు చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడు నాకు తెలుసు, అక్కా. జొన్నచేలో మంచె మీద బావ వడిసెల తాడు గిరగిరా తిప్పి విసిరితే అవతలి చేలో పిట్ట కూడా లేచేది కదా, అదే. వారం నుంచి సాయంత్రాలు బావ గోగునార పేనుతుంటే మంచానికి తాడనుకున్నాను, వడిసెలకని తెలియలేదు.

చెరువంతా ఒక్కసారి లేచింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి వాళ్లు బావ భుజం తడుతున్నారు.

"ఏంది బావా ఇది?" అని అరిచాను.

"అరవమాకరా కోటిగా, పిట్టలు బెదురుతయ్" అన్నాడు. వాళ్లు పడీ పడీ నవ్వారు.

"నీకు చెప్పానా లేదా?"

"రాయి పెట్టలేదురా, ఒట్టి చప్పుడే. మన చేలో రాయి పెట్టి కొట్టినప్పుడు నీకింత కోపం రాలేదే?"

"అది మన జొన్న."

"ఇది ఎవరిదంట? నీదా?"

ఈలోగా పక్షులు రెండు చుట్లు తిరిగి చెట్ల మీదికి దిగుతున్నాయి. "అంకుల్, ఇంకొక్కసారి" అన్నాడు వాళ్లలో ఒకడు. బావ నా మొహం చూశాడు. చూసి మళ్లీ విసిరాడు. మొదటిది చెయ్యి అలవాటు అనుకుంటాను. రెండోది కాదు. ఆ తర్వాత అవి చెట్ల మీద వాలలేదు. దూరంగా నడినీళ్లలో దిగాయి.

సాయంత్రానికి బావ వడిసెల విసురుతున్న ఫొటో ఊళ్లో అందరి ఫోన్లలోకీ వచ్చింది. పెంచలమ్మత్త పిలిచింది. ఆ రోజు మజ్జిగ లేదు.

"మా చిన్నదాని పెళ్లికి ఈ గట్టు మీద మేళం ఆపించింది నేనే. వియ్యంకుడు అలిగి అన్నం తినలా. అయినా ఆపించా. మీ వాడొచ్చి చేలో కాకుల్ని తోలినట్టు తోలాడే" అంది. "రేపు పదిమందిలో తప్పయిందని చెప్పమను. చెప్పకపోతే నీ సంగతి కూడా నేను పట్టించుకోను."

బావకు చెప్పాను. ఒక్క మాట అంటే పోయేదేముందని బతిమాలాను కూడా.

"పిట్టల్ని లేపినందుకు ఊరికి దణ్ణం పెట్టాలా? మాచవరంలో తెలిస్తే నవ్వి చస్తారు."

"మాచవరంలో ఎవరు చెబుతారు?"

"నువ్వే. మీ అక్కకు చెప్పకుండా ఉంటావా?"

ఇదిగో, చెబుతున్నాను. సోమవారం ఆయన దుప్పటి కప్పుకొని పడుకున్నాడు. పదిమందిలో నేనే నిలబడి తప్పయిందన్నాను. చేసినవాడు రాలేదేమని అడిగారు. పక్షులు తిరిగొచ్చి గూళ్లు కడితే ఉండు, లేకపోతే నీ దారి నువ్వు చూసుకో అన్నారు. చెట్ల మీద సగం కట్టిన గూళ్లున్నాయి. నీళ్ల మీద పుల్లలు తేలుతున్నాయి. ఈ రోజు కూడా అటే చూస్తూ పని చేశాను.

ఈ ఉత్తరం కంటే ముందు బావ చెప్పే మాటలు నీకు చేరతాయి. అన్నం పెట్టు, ఆ మాటలు మాత్రం నమ్మొద్దు. పని కోసమని ఇంకెవరినీ నా దగ్గరికి పంపొద్దు. మన కారం అయిపోయింది. ఇక్కడి కూరలు చప్పగా ఉంటాయి. నేను ఇక్కడే ఉంటే కబురు చేస్తాను, అప్పుడు పంపు. నా గురించి బెంగపడొద్దు, ఒంట్లో బాగానే ఉంది.

మీ అత్తమ్మకు నా దణ్ణాలు. పిల్లల్ని అడిగానని చెప్పు. నాకంటే పెద్దదానివి, నీ దీవెన నా మీద ఉండాలి.

నీ తమ్ముడు
కోటయ్య

కెమెరాల వాళ్లు ఆదివారం చీకటి పడకముందే కారెక్కారు. గూడబాతులు సోమవారం తెల్లవారేసరికి లేవు. బావ ఈ మధ్యాహ్నం నరసరావుపేట బస్సుకు వెళ్లాడు.