వచ్చాడా, వచ్చారా

జులై 8, 2012, ఆదివారం. షామ్‌బర్గ్, అమెరికా

వ్యాసం ఇచ్చేశాను. పీడ వదిలింది. "ఇస్లాం పుట్టుక, తొలి వ్యాప్తి" — పేరు నేను పెట్టింది కాదు, విశ్వేశ్వరరావు పెట్టింది. ఇక్కడి తెలుగు సంఘం వార్షిక సంచికకు ఆయనే సంపాదకుడు. రిటైరైన ఇంజనీరు. మనిషి మంచివాడే, కాకపోతే తెలుగంతా తన భుజాల మీదే నిలబడి ఉందనుకుంటాడు. "ఈసారి మతానికో వ్యాసం మాస్టారూ. ఇది మీరు తప్ప ఎవరు రాస్తారు?" అంటూ ఇంటికొచ్చి మరీ ఒప్పించి వెళ్ళాడు. అదీ నిజమే. హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరైన సాయిబు ఈ ఊళ్ళో ఇంకొకడు దొరకడు.

మక్కా వర్తకులు, గుహలో తొలి దైవవాణి, ఖదీజా, అబిసీనియా, మదీనా, ఆ తర్వాత సైన్యాలు, వారసత్వపు తగవులు... ఏదీ దాచకుండా రాశాను. షాహీనా మొహం వెలిగిపోతోంది. నా కూతురు ఆ సంఘం కమిటీలోకి ఈ ఏడే వెళ్ళింది. ముస్లిం పేరుతో ఇంతవరకు అందులో ఎవరూ లేరట.

జులై 10

అల్లుడు సలీం — "మామయ్యా, ఉర్దూల రాసుంటే మస్జిద్‌ల గూడ పంచుతుంటిమి గదా." వాడిది హైదరాబాదు. తెలుగక్షరం రాదు. తెలుగులో ఇస్లాం అంటే ఏదో తక్కువ రకం సరుకనుకుంటాడు. నమాజు తప్ప నేను అన్నీ తెలుగులోనే చేశాను, ఏడవడంతో సహా.

జులై 14, శనివారం

ప్రూఫ్ వచ్చింది. షాహీనా ప్రింటు తీసి చేతిలో పెట్టింది. మొదటి పేరా దాటలేకపోయాను. అరికాలి మంట నెత్తికెక్కింది.

నేను రాసింది — "ప్రవక్త గుహలోంచి వణుకుతూ ఇంటికి వచ్చారు. భార్య ఖదీజా దుప్పటి కప్పారు."

వాళ్ళు వేసింది — "ప్రవక్త గుహలోంచి వణుకుతూ ఇంటికి వచ్చాడు. భార్య ఖదీజా దుప్పటి కప్పింది."

వచ్చాడు. చెప్పాడు. వెళ్ళాడు. కన్నుమూశాడు. చివరిదాకా ఇంతే. రు కనిపించిన చోటల్లా పీకేసి డు నాటాడు విశ్వేశ్వరరావు. మదీనాకు వలస అని రాస్తే "పలాయనం" అని దిద్దాడు. పలాయనం చిత్తగించడానికి ఆయనేమన్నా బడి ఎగ్గొట్టిన పిల్లాడా? పేరు పక్కన నేను పెట్టిన (స) ఒక్కటీ లేదు. అన్నీ ఊడ్చేశాడు.

పైగా చివర నా పేరు. పండితుడు అని కూడా వేశాడు, సిగ్గు లేకుండా.

జులై 15

విశ్వేశ్వరరావుకి ఫోన్ చేశాను. గొంతు లేవకుండా చూసుకోవాలనే అనుకున్నాను.

పలాయనం దగ్గర — "అయ్యో, తప్పే మాస్టారూ. ఇంగ్లీషు పుస్తకంలో ఫ్లైట్ అని ఉంటే..." అప్పటికప్పుడు తీసేశాడు.

(స) దగ్గర — "అది సశేషం అనుకున్నానండీ. పేరు పేరుకీ సశేషం ఎందుకా అని..."

నవ్వొచ్చింది. కోపంలో ఉన్నవాడికి నవ్వు రావడమంత చిరాకు ఇంకోటి లేదు. సశేషం కాదు, ఆ పేరు పలికినప్పుడు చెప్పుకునే సలాము అని చెప్పాను. రాసుకున్నాడు, పాపం. తిరిగి పెట్టేస్తానన్నాడు.

డు దగ్గర మాత్రం అంగుళం కదల్లేదు. "అది మన పత్రిక పద్ధతండీ. రాముడు వచ్చాడు, బుద్ధుడు వచ్చాడు, ఏసు వచ్చాడు. దేవుళ్ళకే డు పెడుతున్నాం. ఒక్కరికి రు పెడితే మిగతా వాళ్ళని చిన్నబుచ్చినట్టు కాదూ?"

ప్రూఫ్ కాగితాలు అటూ ఇటూ తిరగేశాను.

"పోనీ అల్లాకి మీరేం వాడారు? సృష్టించాడు అనే కదా?"

అవును. అలాగే రాశాను. అందరం అలాగే రాస్తాం. అల్లా ఒక్కడు, అందుకని డు — అన్నాను.

"మరి ప్రవక్త ఇద్దరాండీ?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. ఫోన్ పెట్టేశాను.

జులై 16

ఉద్యోగమంతా వ్యాకరణం చెప్పి బతికినవాణ్ణి. ఈ ఒక్కదానికి నా దగ్గర సూత్రం లేదు. "రాముడు అడవికి వెళ్ళాడు" అని నేనే బోర్డు మీద రాసేవాణ్ణి, ఒక్కరూ నొచ్చుకోలేదు. తెలుగువాడు దేవుణ్ణి నువ్వంటాడు, తహసీల్దారుని మీరంటాడు. అంతా తెలుసు నాకు. తెలిసీ ఒళ్ళు మండుతోంది. వాదనలో ఆయనదే పైచేయి అయినందుకు ఇంకా మండుతోంది.

వ్యాసం వెనక్కి తీసుకుంటాను. అంతే.

జులై 17

షాహీనాతో చెప్పాను. గిన్నెలు కడుగుతున్నదల్లా చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఒక్క అక్షరం కోసమా, నాన్నా?"

అక్షరం కాదమ్మా అన్నాను.

"వెనక్కి తీసుకుంటే ఏమంటారో తెలుసా? వీళ్ళంతే, ప్రతిదానికీ హర్ట్ అవుతారు అంటారు. కమిటీలో నన్ను చూసే చూపు మారిపోతుంది. నువ్వు అక్టోబర్‌లో ఫ్లైట్ ఎక్కేస్తావ్. నేను ఇక్కడే ఉండాలి."

అది అంతటితో ఆపలేదు. టవర్లు కూలిన ఏడు సంగతి ఎత్తింది. అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరింది. కారు లేదు. రోజూ ఆఫీసుకి తనని ఎక్కించుకెళ్ళే మన పిల్లలే, ఉన్నట్టుండి కార్‌లో చోటు లేదన్నారట. మర్నాడు పొద్దున్నే అపార్ట్‌మెంట్ కింద ఎవరో హారన్ కొట్టారట. ఆ చలికాలం అంతా ఆయనే తీసుకెళ్ళి, ఆయనే దింపాడట.

"ఎవరనుకున్నావ్? విశ్వేశ్వరరావు అంకుల్."

ఇన్నేళ్ళకా ఈ మాట చెప్పడం? ముందే చెప్పి ఉంటే ఆ మనిషితో ఫోన్‌లో అలా... ఇప్పుడు కోప్పడే వీలు కూడా లేకుండా చేసింది. దాని మీదా కోపం వచ్చింది.

జులై 18

ఈ డైరీ నిండా విశ్వేశ్వరరావుని డు అనే రాస్తున్నాను. ఇప్పుడే చూసుకున్నాను. కోపంతోనా, చనువుతోనా — నాకే తెలియదు.

దిద్దలేదు.

జులై 20, శుక్రవారం

రంజాన్ ఒక్కపొద్దులు మొదలు. సలీం రోజా అంటాడు. మా ప్రకాశం జిల్లాలో ఒక్కపొద్దే. ఇక్కడ పొద్దు రాత్రి ఎనిమిది దాటినా కుంకి చావదు. ఒక్కపొద్దులో కోపం తగదు. మధ్యాహ్నానికే సలీం మీద ఎగిరాను, ఏసీ పెంచాడని.

జులై 22, ఆదివారం

విశ్వేశ్వరరావు వచ్చాడు. సరిగ్గా ఇఫ్తార్ వేళకి, మంచి ఖర్జూరాల పెట్టెతో. మేం తినేదాకా తనూ మంచినీళ్ళు ముట్టలేదు. ఇలాంటి మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం ఎంత కష్టమో.

ఆ కష్టం ఆయనే తీర్చాడు. "రు ఉంచేద్దాం మాస్టారూ. ఒక్క చిన్న గమనిక వేస్తాం కింద — రచయిత మత విశ్వాసాన్ని మన్నించి ఈ వ్యాసంలో గౌరవ వాచకాలను అలాగే ఉంచాము, అని. సరేనా?"

మన్నించి.

షాహీనా నా వైపు చూస్తోంది. సరే అను నాన్నా అని కళ్ళతోనే బతిమాలుతోంది. నేను ఖర్జూరం నములుతూ కూర్చున్నాను. ఆలోచించి చెప్తానన్నాను.

మిగతా ఏ వ్యాసం కిందా గమనిక ఉండదు, నాదాని కింద ఉంటుంది. ఈ భాషకి నేను ఇంటివాణ్ణా, అలిగితే బుజ్జగించే కొత్తల్లుణ్ణా? ఛందస్సు చెప్పాను, సంధులు చెప్పాను, ఆ పిల్లల్లో సగం మంది ఇదే దేశంలో ఉన్నారు. వాళ్ళకి తెలుగు నేర్పినవాడి తెలుగుకి ఇప్పుడు మన్నింపు కావాలట.

జులై 23

సశేషమట. తలుచుకుంటే ఇప్పటికీ...

జులై 25

ఉపాయం దొరికింది. క్రియ ఉంటే కదా డు, రు గొడవ. క్రియే లేకపోతే?

"గుహ నుంచి ఇంటికి రాక. ఒళ్ళంతా వణుకు. ఖదీజా చేతి దుప్పటి." ఎక్కడా డు లేదు, రు లేదు. నా కూతురి కమిటీ పదిలం, పత్రిక పద్ధతి పదిలం, నా ప్రవక్త పదిలం. పండితుడంటే ఊరికే అయ్యానా. మొత్తం తిరగరాస్తాను.

జులై 29, ఆదివారం

అయింది. "మక్కా పెద్దల వేధింపులు. సముద్రం దాటి అబిసీనియాకు కొందరు అనుచరుల ప్రయాణం. అక్కడి క్రైస్తవ రాజు ఆశ్రయం. మదీనాకు ప్రవక్త వలస." ఎక్కడా దొరకను. షాహీనా చదివి ఊపిరి పీల్చుకుంది. "బాగుంది నాన్నా" అంది, మరీ త్వరగా.

ఆగస్టు 1

మనవరాలు ఆయిషా తెలుగు క్లాసుకి వెళ్తోంది, కూడబలుక్కుంటూ చదువుతుంది. దానిచేత వ్యాసం గట్టిగా చదివించాను. చదివి, కాగితం వెనక్కీ ముందుకీ తిప్పింది.

"తాతా, ఇందులో ప్రాఫెట్ ఏం చేశాడు?"

అన్నీ ఉన్నాయిగా తల్లీ అన్నాను.

"లేదు. సైన్యాలు కదిలాయి ఉంది. షిప్స్ వచ్చాయి ఉంది. రాజ్యాలు కూలాయి ఉంది. ప్రాఫెట్ నథింగ్ చేయడు. ఓన్లీ ఆర్మీ చేస్తది."

కాగితం లాక్కున్నాను. మళ్ళీ చదివాను. అది చెప్పింది అక్షరాలా నిజం. సైన్యానికి డు, రు బెడద లేదు కాబట్టి దాని క్రియ దానికి ఉంచేశాను. ఓడకి ఉంచాను, ఒంటెకి ఉంచాను. ఆయన చేసినవే లేకుండా పోయాయి. వణికింది, ఏడ్చింది, క్షమించింది, ఏదీ లేదు. ఇక మిగిలింది కత్తులు.

ఇస్లాం అంటే కత్తేగా అన్నవాళ్ళతో జీవితమంతా కొట్లాడాను. ఇప్పుడు ఆ మాటే సాఫు ప్రతి తీసి ఇచ్చాను, నా చేత్తో, నా మర్యాద కోసం. చింపేశాను. ఆయిషా భయపడింది. "సారీ తాతా, నేను రాంగ్ చెప్పానా?"

రాంగ్ చెప్పింది నువ్వు కాదు.

ఆగస్టు 3

ఆయిషాకి కథ బాకీ పడ్డాను. భయపెట్టినందుకు. సాయంత్రం వెనక మెట్ల మీద కూర్చోబెట్టుకుని చెప్పాను, అమ్మ నాకు చెప్పినట్టుగానే. అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ చెప్పేది. చదువు లేదు, ఉర్దూ లేదు, తెలుగే. ప్రవక్తని అమ్మ పైగంబరనేది. పైగంబరు ఎంత మంచివాడో, తన చెప్పులు తనే కుట్టుకున్నాడని, తనని తిట్టే ముసలమ్మ మూట కూడా మోశాడని.

చెబుతూ చెబుతూ సగంలో ఆగిపోయాను.

కుట్టుకున్నాడు. మోశాడు. నా నోటితోనే. అమ్మ ఎప్పుడూ డు అనే చెప్పింది. "పైగంబరు పాపం, ఒక్కడే గుహలో కూచున్నాడంటయ్యా, బువ్వ కూడా తినకుండా..." అంటూ కళ్ళు తుడుచుకునేది. మిరపకాయల చేత్తో. అందుకని ఇంకా నీళ్ళు కారేవి. రు అని నేర్చుకున్నది నేను, ఉద్యోగంలో చేరాక, పుస్తకాలు చదివి.

"తర్వాత ఏమైంది తాతా?" అంటోంది ఆయిషా.

కథ పూర్తి చేయలేకపోయాను. ఎవరి మీద ఇంత కోపమో తెలియట్లేదు ఇప్పుడు.

ఆగస్టు 4

అమ్మ అనొచ్చు. విశ్వేశ్వరరావు అనకూడదు. ఎందుకు?

అమ్మ డు అన్నప్పుడు ఆయన మా ఇంట్లో, అమ్మ పక్కన కూర్చుని ఉండేవాడు. ఇదిగో, ఇప్పుడు రాసింది కూడా డు. కొట్టేయను. విశ్వేశ్వరరావు రాముణ్ణి వచ్చాడు అన్నప్పుడు రాముడు ఆయన ఇంట్లో ఉంటాడు. నా ప్రవక్తని వచ్చాడు అన్నప్పుడు ఎక్కడ ఉంటారు? లోపలా, వాకిట్లోనా? వాకిట్లో నిలబెట్టి డు అంటే పడను. నా కూతురికి కార్‌లో చోటిచ్చినవాడు లోపలే కూర్చోబెట్టాడేమో కూడా. ఆ మాట పద్ధతి కాగితాల్లో ఉండదు. అడగాలి. ఫోన్ తీశాను, పెట్టేశాను. ఏమని అడుగుతాం ఇలాంటిది?

ఆగస్టు 5, ఆదివారం

రేపు సంచిక ప్రెస్‌కి వెళ్తుందట. పొద్దున్నే విశ్వేశ్వరరావు ఫోన్ చేశాడు. "డు అంటే డు. రు, గమనిక అంటే అదే. లేదా తీసేయమంటే తీసేస్తాను, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. మీరెలా చెప్తే అలా. మధ్యాహ్నంలోగా చెప్పండి మాస్టారూ." గొంతులో విసుగు లేదు. విసుక్కుని ఉంటే బాగుండేది.

షాహీనా ఇఫ్తార్‌కి పిండి కలుపుతోంది, అవసరానికి మించి మర్దిస్తోంది. ఆయిషా నా పక్కనే నేల మీద బొమ్మలేసుకుంటోంది. కిటికీ అవతల పక్కింటాయన గడ్డి కోసే యంత్రం, చెవుల్లో దూరి చంపుతోంది.

తెల్లకాగితం తీసుకున్నాను. గమనికలు లేవు, పద్ధతులు లేవు, మొదటినుంచి. నాకు తెలిసినట్టు రాస్తాను, చేతికి ఏది వస్తే అదే పంపిస్తాను, తర్వాత ఎవరేమనుకున్నా సరే.

గుహ. చలి. కొండ దిగడం. తలుపు తీసి ఖదీజా ఎదురొచ్చింది. ఆమెకి డు, రు గొడవ లేదు, భర్త ఒళ్ళు వణుకుతుండటం మాత్రమే చూసింది. ప్రవక్త ఇంటికి వచ్చా