నల్ల నువ్వులు చల్లిన ముద్దలు

యూకో,

ఎలా ఉన్నావని అడిగితే నవ్వుతావు, అడగను. నువ్వు వెళ్లి మూడు నెలలయింది... ఇక్కడ చలికాలం సగం గడిచింది. తెలుగు నీకు చదవడం రాదు, వినడం వచ్చు. అందుకే రాసి నీ ఫోటో ముందు చదువుతాను. ఈ ఇన్వర్‌కార్గిల్ ఊరి గాలి హోరులో వినిపించకపోతే నా పూచీ లేదు.

నీ కూతురు తినడం లేదు. మీనా బడికి పట్టుకెళ్లిన డబ్బా పట్టుకెళ్లినట్టే తిరిగొస్తోంది. దోసె, పెరుగన్నం, చివరికి ఆ తెల్ల బ్రెడ్డు కూడా... ఏడేళ్ల పిల్ల ముంజేతులు చూస్తే భయం వేస్తోంది. ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేర్చాలన్నాడు డాక్టరు. శుక్రవారం మళ్లీ బరువు చూస్తారు.

నిన్న బతిమాలి అడిగితే ఒకటే అంది, అమ్మ చేసే ఒనిగిరి కావాలని. అన్నం ముద్ద కట్టి, సముద్రపు నాచు చుట్టి ఇచ్చేదానివి. అదెంత పని? కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని, అన్నం ముద్ద కట్టలేనా?

కట్టలేకపోయాను. ఇవాళ నీ జిగురు బియ్యాన్ని మన బియ్యంలాగే వండి గంజి వార్చాను. పళ్లెంలో ఆరబోసి, పులిహోరకు కలిపినట్టు చెంచాడు నూనె కూడా కలిపాను. మెతుకుకు మెతుకు అంటలేదు... మా వాళ్లయితే మెచ్చుకునేవారు. ముద్ద కడితే వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. జిగురంతా సింకులో పారబోసి, ఇదెందుకు అంటుకోదని ఆలోచించే కెమిస్ట్రీ లెక్చరర్ని ఇంకెక్కడైనా చూశావా? మీనా ఒక్క చూపు చూసి వెళ్లిపోయింది.

మళ్లీ వండాను, వార్చకుండా. "అత్తయ్యా, నొక్కొద్దు. పట్టుకో, అంతే" అనేదానివి... గౌరవవాచకం నీ నోట ఎప్పుడు పలికింది కనుక? ఈసారి ముద్దలు నిలిచాయి, గుండ్రంగా. నాచు ఎక్కడ పెట్టావో దొరకలేదు. నీ సీసాలో నల్ల నువ్వులు కనిపిస్తే పైన చల్లాను.

ముద్ద విడిపోతుందా లేదా అని చూశానే గానీ, చేసిందేమిటో చూసుకోలేదు.

అప్పుడే రవి పని నుంచి వచ్చాడు. పళ్లెం చూసి ఆగిపోయాడు. నా కొడుకు మొహంలో నెత్తురు చుక్క లేదు. పదో రోజున సముద్రపు ఒడ్డున వాడు నీకు పెట్టిన పిండాలు కూడా అలాగే ఉన్నాయి కదా... అన్నం, నల్ల నువ్వులు. కాకులు లేని ఊళ్లో సీగల్స్ వచ్చి ముట్టేదాకా చలిలో నిలబడ్డాడు. ఇప్పుడవి కూతురి కోసం, నా చేత్తో...

పళ్లెం తీసి చెత్తబుట్టలో బోర్లించాడు.  నన్ను తిట్టినా బాగుండేది. బయటికెళ్లి కారులో కూర్చున్నాడు, స్టార్ట్ చేయకుండా.

మీనా గుమ్మంలో నిలబడి అంతా చూసింది. అయిపోయింది, ఇక ఈ పిల్ల అన్నం ముట్టదనుకున్నాను. దానికేం చెప్పను? పిండమంటే ఏమిటో ఏ భాషలో చెప్పను?

అది కుర్చీ లాక్కుని ఎక్కింది. చేతులు తడుపుకుంది. గిన్నెలో మిగిలిన అన్నం నా అరచేతిలో పెట్టి, రెండో చేతిని ఇంటికప్పులా వంచింది. గుండ్రంగా కాదట... ఇంగ్లీషులో కసిరింది. కసురు మాత్రం నీదే. ముద్దకు మూడు మూలలు తేలాయి. నాచు ఏ అరలో ఉందో కూడా దానికే తెలుసు.

తింటుందనుకున్నాను. తినలేదు. రెండు ముద్దలు పళ్లెంలో పెట్టుకుని, కోటైనా వేసుకోకుండా కారు దగ్గరికెళ్లి అద్దం మీద కొట్టింది. వాడు తలుపు తీయడు... వంటింటి కిటికీకి మొహం ఆనించి చూస్తున్నాను. ఆ పళ్లెం కూడా విసిరేస్తే?

తీశాడు. అది ఎక్కింది. కాసేపటికి అద్దాలకు ఆవిరి పట్టేసింది. ఎవరు తిన్నారో, ఎవరు ఏడ్చారో కనిపించలేదు. పళ్లెం మాత్రం ఖాళీగా వచ్చింది. మీనా గడ్డం మీద ఒక మెతుకు ఉంది.

ఆ ఒక్క మెతుకును నమ్ముకుని శుక్రవారం దాకా ఎలా ఉండను, యూకో?

రేపు పొద్దున మళ్లీ వండుతాను. తినకపోతే ఎల్లుండి వండుతాను.

నీ అత్తయ్య