ముల్లు వెనక్కి తిరిగే చోటు

ప్రియమైన అక్కకి,

నా లేత్ మిషన్ ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు, ముందు నీకే రాస్తున్నాను.

నా చెయ్యి సంగతి నీకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు రక్తపరీక్షల గదిలో నేను సూది గుచ్చితే చంటిపిల్లలు కూడా కిక్కురుమనేవారు కాదు. ఆ చెయ్యే ఇప్పుడు టీ కప్పు పట్టుకుంటే సాసర్ గలగలలాడుతోంది. అయినా రిటైరయ్యాక వెనకగదిలో ఇనుము చెక్కే చిన్న లేత్ పెట్టుకుని, వేడిగాలితో నడిచే బొమ్మంత ఇంజను చేస్తానని పంతం పట్టాను. కోసే పని లేత్‌ది, నేను చక్రం తిప్పితే చాలు. చిక్కంతా కొలవడం దగ్గరే. నా చేతిలో కాలిపర్ ఒకే ముక్కకి పూటకో లెక్క చెబుతుంది. అందుకని కొలతలు మీ మరిది చూసేవారు. పత్రికాఫీసులో అచ్చుతప్పులు పట్టిన కళ్ళు కదా! "సరిగ్గా ఇరవై" అంటూ నోట్‌బుక్‌లో రాసేవారు.

మొన్న పిస్టన్ సిలిండర్‌లో దూరలేదు. నూనె రాసి తోసినా ఊహూఁ! వీధి చివర పంపులు బాగుచేసే మేస్త్రీకి చూపిస్తే, ఆయన మైక్రోమీటరు పెట్టి, "లావుందమ్మా, మిల్లీమీటరులో నూటికి నాలుగు వంతులు" అన్నాడు. ఇంటికొచ్చి నోట్‌బుక్ తిరగేశాను. పదకొండు ముక్కలు, పదకొండు కొలతలు. అన్నీ ఇంజను డ్రాయింగులో ఉన్న అంకెలే, వెంట్రుకవాసి తేడా లేదు! నా చేతికి అంత పనితనం ఉందంటే నేనే నమ్మను.

జాలిపడ్డారక్కా. పోనీలే, ముసల్ది ఏదో ఆడుకుంటోందని అబద్ధం రాశారు. కోప్పడినా తట్టుకునేదాన్ని. ఈ జాలి గుండెలో ముల్లులా దిగింది.

నీ చెల్లెలు

అక్కా,

"చెయ్యి వణికితే వణకని పనిముట్టు కొనుక్కోవే, మొగుణ్ణి కొలుస్తూ కూర్చుంటావేం?" అని రాశావు. చదివి ఏడుస్తూనే నవ్వాను. మర్నాడే పనిముట్ల దుకాణానికి వెళ్ళాను.

కొట్టతను అంకెలు పెద్దగా కనిపించే డిజిటల్ కాలిపర్ తీసి, "పెద్దవాళ్ళకి ఇదే హాయండీ" అన్నాడు. "ఉండు నాయనా, సరిగ్గా ఇరవై మిల్లీమీటర్లుండే ఉక్కు కొలతదిమ్మ ఒకటి ఇవ్వు, ఐదుసార్లు చూస్తాను" అన్నాను. ఐదుసార్లకీ నాలుగు రకాల అంకెలొచ్చాయి. అంకె పెద్దదైతే తప్పూ పెద్దగా కనబడుతుంది, అంతే!

తర్వాత మైక్రోమీటరుని చిన్న స్టాండులో బిగించమన్నాను. దాని చివర రాచెట్ పిడి ఉంటుంది, టిక్కుటిక్కుమన్నాక ఎంత తిప్పినా ఇక బిగుసుకోదు. నా వేళ్ళ వణుకు దాన్ని దాటి లోపలికి పోదు. ఐదుసార్లూ ఒకటే కొలత వచ్చింది!

ఇక సిలిండర్ లోపలి కొలత కావాలి. అతను గడియారంలాంటి డయల్ ఉన్న బోర్ గేజ్ చేతికిస్తూ నసిగాడు. "ఇది కాస్త కష్టమండీ. లోపల పెట్టి అటూ ఇటూ మెల్లగా ఊపుతూ ఉండాలి. ముల్లు ఎక్కడ వెనక్కి తిరుగుతుందో అదే అసలు కొలత. అలా ఊపడం చాలామందికి చేతకాదు."

పకపకా నవ్వేశాను. "నా చెయ్యి పుట్టిందే దీనికి, ఇలా తే!" సంచిలోంచి నా సిలిండర్ తీసి గేజ్ లోపల పెట్టాను. ముల్లు వెళ్ళింది, తిరిగింది. మళ్ళీ వెళ్ళింది, సరిగ్గా అక్కడే తిరిగింది. కొట్టతను గేజ్‌ని పెట్టెలో సర్ది బిల్లు రాశాడు.

లేత్ ఎవరికీ ఇవ్వను.

నీ చెల్లెలు

అక్కా,

నడిచింది! లేత్ మీద కొత్త పిస్టన్ చెక్కి, సిలిండర్ కంటే మిల్లీమీటరులో నూటికి రెండు వంతులు సన్నం చేశాను. ప్రతి కొలతా నాదే. కింద స్పిరిట్ దీపం వెలిగించి చక్రాన్ని వేలితో తట్టాను. రెండుసార్లు మొరాయించింది. మూడోసారి అందుకుని, కుట్టుమిషన్‌లా టకటకా తిరిగింది. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

మీ మరిది చెవి ఒగ్గి వింటూ నిలబడ్డారు. అప్పుడడిగేశాను. "నామీద జాలితోనేగా ఆ దొంగ లెక్కలు రాశారు?"

ఆయన ముఖం పాలిపోయింది. "జాలా? నీమీదా? నాకు కాలిపర్ మీది ఆ సన్నగీతలు కనబడవే. రెండేళ్ళయింది. నలభై ఏళ్ళు కామా తప్పిపోకుండా చూసినవాణ్ణి, ఎలా చెప్పుకోను? డ్రాయింగులో అంకె పెద్దగా ఉంది, అది చూసి రాసేశాను."

ఇన్ని రోజులూ ఆయన్ని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో! చెయ్యి వణికేదానికి చూపు ఆననివాడు కాపలా అన్నమాట. "చెప్పి చావచ్చుగా!" అన్నాను. "నువ్వు మాత్రం కోపమొచ్చిందని చెప్పావా?" అన్నారు. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. గురువారం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళుతున్నాను.

అసలు మాట చివరికి ఉంచాను. ఇవాళ మేస్త్రీ పంపు సిలిండర్ చంకనేసుకుని వచ్చాడు. "అమ్మా, లోపల ఎంత అరిగిందో మీ గేజ్‌తో చూసి పెడతారా? అంత కచ్చితంగా నాకు తెలియడం లేదు" అన్నాడు. మూడుచోట్ల కొలిచి చెప్పాను. ఆయన మారుమాట్లాడకుండా రాసుకున్నాడు.

వణుకుతూ, పొగరుగా,
నీ చెల్లెలు