ఫెన్నా కుర్చీ

అమ్మా, ఈ పొద్దున ఆపింగెడామ్ ఊరు చేరాను, బాగానే ఉన్నాను, కంగారుపడకు.

నన్ను తమ ఇంట్లో ఉంచుకున్న హిల్యా ఆంటీ, రూలఫ్ అంకుల్ మంచివాళ్లే. నేను వచ్చేసరికి కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. వాళ్లమ్మాయి ఫెన్నా పుట్టినరోజట. ఈ దేశంవాళ్ల సంగతి తెలుసుగా, ఒకరి పుట్టినరోజైతే ఇంట్లో అందరికీ అభినందనలు చెబుతారు. వచ్చినవాళ్లు నా చేయి కూడా పట్టుకుని, "మీ అక్క పుట్టినరోజుకి శుభాకాంక్షలమ్మా" అన్నారు. ఫెన్నా కోసం రంగు కాగితాలు చుట్టిన కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంది.

"ఫెన్నా ఏదండీ?" అన్నాను.

"దానికెప్పుడూ ఆలస్యమే. నీ కాఫీ చల్లారిపోతోంది, తాగు" అంది ఆంటీ.

పక్కింటి తాత నా వైపు వంగి, "పదకొండేళ్లుగా ఇదే మాట. నువ్వు మాత్రం ఆ కుర్చీలో కూర్చోకు తల్లీ" అన్నాడు.

మన కురసావ్ దీవిలో వానలు పడ్డాయా? మేక ఈనిందా? ఇక్కడ చలి ఎక్కువ, నా మందపాటి దుప్పటి పంపు. అమ్మమ్మకి ముద్దులు, తమ్ముడికి దీవెనలు.

ఒక్క మాట. వీళ్లు మరుగుదొడ్డి గోడకి అందరి పుట్టినరోజుల క్యాలెండరు తగిలిస్తారు కదా. నాది మార్చి తొమ్మిదని చెప్పగానే ఆంటీ పెన్ను పట్టుకుని అటు వెళ్లింది. ఇప్పుడే చూశాను. మార్చి తొమ్మిది ఖాళీగా ఉంది. ఇవాళ్టి తేదీలో ఫెన్నా పేరు కొట్టేసి, పక్కన నా పేరు రాసి ఉంది.

నేను పుట్టిన తేదీ నీ చేత్తో రాసి, వెంటనే పంపు.

నీ కూతుర్నే,
మిరెల్వా