పసుపు అంటిన కార్డు

రాజపాళయం, సోమవారం

ప్రియమైన ముత్తూ,

ఆ నేతమనిషి ధనం కంటిచూపు పోతే, పోగొట్టినవాడివి నువ్వే. ఫోన్ ఎత్తవు గనక మెయిల్ రాస్తున్నాను.

సత్రపట్టిలో బ్యాండేజీ బట్ట నేసే ధనం నీకు తెలుసు, మా కార్మిక సంఘం మనిషి. కంటి లోపలి పొర ఊడుతోంది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలని ఆస్పత్రి డాక్టరే చెప్పినాడు. కౌంటర్లో మాత్రం ఆమె బీమా కార్డును మీ కంపెనీ రీడర్ చదవలేదు. "కార్డు చెడిపోయింది, కొత్తది తీసుకోనిరా" అని పంపేసినారు. ఆ రీడర్ల మరమ్మతు చూసేది నువ్వే కదా. చూడు.

నీ అక్క,
వసంతకుమారి

చెన్నై, గురువారం

ప్రియమైన అక్కకు,

సంఘం నోటీసు రాసినట్టు రాసినావు. ఆస్పత్రి ఫిర్యాదు నేనే చూసి, 'కార్డు లోపం' అని మూసినాను. వాళ్ళు పంపిన ఫోటోలో చిప్పు మీద ఆయుధపూజనాటి పసుపు, కుంకుమ. మగ్గానికి పెట్టేది కార్డుకీ పెడితే ఎలా చదువుతుంది? మూఢనమ్మకాల మీద మీటింగులు పెట్టేదానివి, ముందు ఆమెకు చెప్పు. పొడిబట్టతో తుడవమను.

నీ తమ్ముడు,
ముత్తు

రాజపాళయం, గురువారం సాయంత్రం

ప్రియమైన తమ్ముడా,

తుడిచింది, తాను నేసిన బట్టతోనే. చదవలేదు. కవరు విప్పని నా కార్డు తీసి పెట్టినాను. చదవలేదు. కౌంటర్లో పనిచేసే సెల్వి తన కార్డు పెట్టింది. అదీ అంతే. "కంప్యూటర్ అప్‌డేట్ అయినప్పటి నుంచి ఎవురిదీ చదవలేదక్కా. కంపెనీకి చెప్తే, కార్డులు తుడవమంటా ఉండారు" అంది.

ఊరంతా పసుపు పూసిందా, సామీ?

వసంత

చెన్నై, శనివారం

ప్రియమైన అక్కా,

రీడర్ మాట కంప్యూటర్‌కు అందించే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. అప్‌డేట్‌లో మా డ్రైవర్ పోయి, మామూలుది వచ్చి కూర్చున్నట్టుంది. అప్పుడు రీడర్ లైటు వెలుగుతుంది, కార్డు మాత్రం కనబడదు. సెల్విని డివైస్ మేనేజర్ తెరిచి, రీడర్ పేరు పక్కన హెచ్చరిక గుర్తుందేమో చూడమను. ఉన్నా లేకున్నా ఆ డ్రైవర్ తీసేసి, ఈ మెయిల్‌తో పంపుతున్నది వెయ్యాలి. స్మార్ట్‌కార్డ్ సర్వీస్ ఆగిపోయి ఉంటే మళ్ళీ నడపాలి.

'కార్డు లోపం' అంటే ఫిర్యాదు ఆ పూటే మూతపడుతుంది. డ్రైవర్ అంటే మనిషిని పంపాలి. పైవాళ్ళు ఎన్ని మూసినామన్నదే చూస్తారక్కా.

ముత్తు

రాజపాళయం, మరుసటి వారం

ముత్తుకృష్ణన్‌కు,

సెల్వి నువ్వు చెప్పినట్టే చేసింది. తెచ్చిన కాఫీ చల్లారేలోపల రీడర్ ధనం కార్డును చదివింది, అంచుల్లో పసుపు ఉండగానే. ఆపరేషన్ చేసినారు. ఆలస్యమైందట. కుడికంటికి చూపు ఇక రాదు.

నీకు మూఢనమ్మకం పసుపులో కనబడింది. యంత్రం తప్పు చెయ్యదు, కూలిమనిషే చేస్తుందన్న మీ నమ్మకానికి ఏం పేరు? ధనం నీ మాటే నమ్మింది. "నేను పసుపు పెట్టకుంటే కన్ను మిగిలుండును గదా, వసంతమ్మా" అంటూ ఇప్పటికీ ఆ కార్డు తుడుస్తానే ఉంది.

నాకు కావలసినవి ఇవి:

వేరే కార్డు పెట్టి చూడకుండా ఎవరి కార్డునూ తప్పుపట్టకూడదు.

అప్‌డేట్ అయిన ప్రతిసారీ డ్రైవర్ సరిచూసి, ఆ తరువాతే కౌంటర్ తెరవాలి.

రీడర్ చదవకపోతే కార్డు నంబరు రాసుకుని ముందు వైద్యం చెయ్యాలి.

ధనం ఫిర్యాదు మళ్ళీ తెరిచి, 'డ్రైవర్ లోపం' అని నువ్వే రాయాలి.

సత్రపట్టికి వచ్చి, తప్పు పసుపుది కాదని ధనం ఎదుట కూర్చుని చెప్పాలి. ఆమె చేతిలోని ఆ తుడిచే బట్ట నువ్వే తీసుకోవాలి.

వసంతకుమారి