దడి కట్టిన వారం

కోట తాలూకు పల్లె,
ఫిబ్రవరి 1964

చిరంజీవి రంగనాయకులుకి నాయన దీవించి స్వయంగా రాసేది.

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది, తప్పులూ ఉంటాయి. ఓర్చుకుని చదువుకో. ఎప్పుడూ నేను చెబుతుంటే మస్తానమ్మ రాసేది. ఈ జాబు నీ కూతురి చేత రాయించలేక నేనే కూర్చున్నాను. ఇక్కడ మీ అమ్మ, కోడలు, పిల్ల, నేను తిని తిరుగుతున్నాము. పఠాన్‌కోట్ చలికి ఒళ్ళు జాగ్రత్త.

నీవు అడిగినవి చెబుతాను. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. మొలగొలుకుల వరి కోత అయింది. నీ తమ్ముడు చెంచురామయ్య లేని కోత గనుక మళ్ళో ఎవరూ పాట ఎత్తలేదు. మస్తానమ్మకి వచ్చిన సంబంధం సంగతి. పిల్లకి పద్నాలుగే, ఇంకా పసిది, అప్పుడే పెళ్ళేమిటని రాశావు. మీ అమ్మకి ఆ మాట నచ్చలేదు గాని నాకు నచ్చింది. వద్దని కబురు పంపాను. మొన్న కూడా దూడ వెంట పరుగెత్తి పడి, మోకాలు చెక్కుకుని గంటసేపు ఏడ్చింది.

ఇక కోర్టు సంగతి. చెంచురామయ్యని చంపిన మాలకొండయ్యకి ఉరి పడేదాకా వదలొద్దని రాశావు. పొలానికి నీళ్ళు మళ్ళించే మడవ కాడ జరిగింది నీకు సగమే తెలుసు. నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగి, నీ తమ్ముడు ఆ మాలకొండయ్య తండ్రి గంగులయ్యని బురదలో పడదోసి మెడ మీద కాలు వేశాడు. పిల్లవాడు వెనక నుంచి పారతో కొట్టాడు. ఒకటే దెబ్బ. నేను గట్టు దిగేలోపల అయిపోయింది. నా బిడ్డ మళ్ళీ లేవలేదు.

మాలకొండయ్య పొడుగరి. పోలీసులు వయసు పద్ధెనిమిదని రాశారు. పెద్దవాడైతే పెద్దవాళ్ళతోపాటే విచారణ, ఉరైనా పడొచ్చునట. పిల్లవాడని తేలితే విచారణే వేరట, ఉరి ఉండదట, పిల్లలని దిద్దే బడికి పంపుతారట. వాడు బడి మొహం చూసినవాడు కాదు, పుట్టిన తేదీ ఎక్కడా రాసి లేదు. డాక్టరు పళ్ళూ ఎముకలూ చూసి గట్టిగా చెప్పలేనన్నాడు. కన్నతండ్రి చెబితే ఎవరు నమ్ముతారు?

కోర్టుకి నన్ను పిలిచింది దెబ్బ సంగతి చెప్పడానికి. చెప్పాను. తరువాత వాళ్ళ ప్లీడరు లేచి, "పెద్దాయనా, ఈ పిల్లోడు ఎప్పుడు పుట్టినాడో నీకేమైనా తెలుసునా?" అని అడిగాడు.

తెలీదంటే సరిపోయేది. నేను మాట్లాడేవాణ్ణి కానని ఊరందరికీ తెలుసు గదా.

అబ్బాయీ, మస్తానమ్మ పుట్టినప్పుడు నీవు పటాలంలో ఉన్నావు. కోడలికి తల్లి లేదు గనుక పురుడు మన ఇంట్లోనే పోశాము. ఆ వారమే పక్కింట్లో గంగులయ్య భార్య కూడా ఈ మాలకొండయ్యని కనింది. బాలింతలు ఒకరి మొహం ఒకరు చూడకూడదని మీ అమ్మ ఒకటే గోల. రెండిళ్ళకీ పెరడు ఒకటే గదా. అందుకని మధ్యలో నేనే తాటాకు దడి కట్టాను. అటు వాడు ఏడిస్తే ఇటు మన పిల్ల ఏడ్చేది. నెల వెళ్ళాక బాలింతలిద్దరూ తాంబూలాలు మార్చుకుని ఎదురుపడ్డారు. దడి పీకి పొయ్యిలోకి వాడుకున్నాము.

అదంతా కోర్టులో చెప్పేశాను.

"నీ మనమరాలికి ఎన్నేళ్ళు?" అన్నాడు మేజిస్ట్రేటు.

"పద్నాలుగయ్యా. బడిలో రాసుండాది."

"చనిపోయింది నీ కొడుకే కదా?"

"అవునయ్యా."

ఆయన కాగితం మీద రాసుకున్నాడు. వాణ్ణి పిల్లవాడి కిందే విచారిస్తారని నిన్న తెలిసింది.

వచ్చేటప్పుడు బస్సులో అందరి ముందరా మీ అమ్మ, "నలభై ఏండ్ల కాపరంలో నీ నోట నాలుగు మాటలు ఇన్లా. ఆ నోరు ఈ పొద్దే పెగలాల్నా? నా బిడ్డని చంపినోడి కోసం పెగలాల్నా?" అంది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అప్పటినుంచి మాటల్లేవు. అన్నం పెడుతుంది. గిన్నె చప్పుడుతో తిడుతుంది.

వాణ్ణి నేను క్షమించానని అనుకోవద్దు. వాడు పార ఎత్తడం కళ్ళు మూసినా కనబడుతుంది. కానీ వాణ్ణి పెద్దవాడంటే మన పిల్లనీ పెద్దదే అనాలి. అప్పుడు ఆ సంబంధం వాళ్ళకి ఏ నోటితో వద్దని చెప్పాను?

గంగులయ్య మళ్ళీ దడి కట్టుకున్నాడు, మీ అమ్మకి మొహం చూపలేక. ఈసారి తియ్యమని నేను చెప్పలేను.

నీ సన్న రాత నా కళ్ళకి ఆనదు. నీ జాబు చదివి వినిపించేది మస్తానమ్మే. తిట్టదలిస్తే తిట్టు, దాని నోటితోనే వింటాను. ఊరకుండొద్దు. అందిన వెంటనే రాయి.

ఇట్లు,
మీ నాయన,
వెంకయ్య